పరామితి, వికల్పం, నిషేధం: కర్మాగార లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో ఘటక రూపాంతరాలు – బుచ్చిరెడ్డిపాలెం బియ్యపు మిల్లు ఆధారంగా ఒక విమర్శ

వ్యాస సంగ్రహం:

కర్మాగారాల లేఅవుట్‌ను గీసే సాఫ్ట్‌వేర్‌లలో ప్రతి యంత్రం ఒక ఘటకంగా ఉంటుంది. దాని కొలతల్లో కొన్నింటిని మార్చుకోవడానికి వీలు కల్పిస్తే అది పరామితీయ ఘటకం అవుతుంది. ఒక్కొక్క విలువల సమితితో భద్రపరిచిన రూపాన్ని రూపాంతరం అంటారు. ఏ రాశిని స్వేచ్ఛగా వదలాలి, దేన్ని లెక్కతో రాబట్టాలి, దేన్ని మార్చనీయకూడదు అన్న నిర్ణయంలోనే ఇలాంటి ఘటకం విలువ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం ప్రాంతపు బియ్యపు మిల్లును లక్ష్యంగా, తెలుగు వ్యాకరణంలోని ‘బహుళం’ భావనను విశ్లేషణ సాధనంగా తీసుకుని, ఘటక గ్రంథాలయాల్లో సాధారణంగా కనిపించే లోపాలను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పరామితి, ఘటకం, రూపాంతరం, లేఅవుట్, బియ్యపు మిల్లు, బహుళం, బుచ్చిరెడ్డిపాలెం.

1. ఉపోద్ఘాతం

పెన్నా నదికి ఉత్తరాన, నెల్లూరు నుంచి ఆత్మకూరు వెళ్లే దారిలో, వరి మాగాణుల మధ్య బుచ్చిరెడ్డిపాలెం ఉంది. సంగం దగ్గర పెన్నా నుంచి మళ్లించిన నీరు కనిగిరి జలాశయం మీదుగా ఈ మాగాణులకు చేరుతుంది. నీరు, వరి ఉన్న చోట వడ్లు ఆడించే మిల్లు సహజంగా వెలిసే పరిశ్రమ. ఈ వ్యాసంలో ప్రస్తావించే మిల్లు గంటకు 4 టన్నుల వడ్లు ఆడించే ఒక నమూనా మాత్రమే. లెక్కలు తేలికగా అర్థం కావడానికి దాన్ని ఇక్కడ కల్పించుకోవడం జరిగింది. అది ఏ ఒక్క మిల్లునూ ఉద్దేశించినది కాదు.

ఇలాంటి మిల్లును కట్టే ముందు యంత్రాలను ఎక్కడ నిలపాలో కంప్యూటర్ తెరపై గీసి చూసుకునే వీలు ఇప్పుడు ఉంది. ఆటోడెస్క్ సంస్థ ఫ్యాక్టరీ డిజైన్ యుటిలిటీస్, సీమెన్స్ సంస్థ ఫ్యాక్టరీక్యాడ్ ఈ పనికి ఉద్దేశించినవే. వీటిలో యంత్రాలను గీతగీతగా గీయనక్కర లేదు. ముందే సిద్ధం చేసిన ఘటకాన్ని తెచ్చి నేల మీద ఉంచి, పొడవు, ఎత్తు వంటి విలువలు మార్చుకుంటే చాలు. పని త్వరగా పూర్తవుతుంది. అయితే ఘటకాన్ని తయారుచేసిన వ్యక్తి యంత్రాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో ఆ అవగాహనే, అందులోని లోపాలతో సహా, దాన్ని వాడే ప్రతి లేఅవుట్‌లోకీ ప్రవేశిస్తుంది. కావ్యాన్ని విమర్శకుడు పరిశీలించినట్టే ఘటకాన్నీ పరిశీలించవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.

2. ఘటకం, పరామితి, రూపాంతరం: భావనల నేపథ్యం

1963లో ఇవాన్ సదర్లాండ్ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సమర్పించిన పరిశోధన ‘స్కెచ్‌ప్యాడ్’లో రెండు ముఖ్యమైన భావనలు ఉన్నాయి. మూలచిత్రం ఒకటి ఉండి, దాని ప్రతిరూపాలు అనేకం ఉండడం మొదటిది. మూలాన్ని మారిస్తే ప్రతిరూపాలన్నీ మారతాయి. గీతల మధ్య సంబంధాలను నియమాలుగా ప్రకటించడం రెండవది. రెండు గీతలు సమాంతరంగా ఉండాలని చెబితే, ఒకదాన్ని కదిపినప్పుడు రెండవది తానే సర్దుకుంటుంది. 1980ల చివర వచ్చిన ప్రో/ఇంజనీర్ సాఫ్ట్‌వేర్‌తో ఈ నియమబద్ధ రూపకల్పన యంత్ర నిర్మాణ రంగంలో స్థిరపడింది.

కర్మాగార సాఫ్ట్‌వేర్ ఈ వారసత్వాన్నే స్వీకరించింది. ఫ్యాక్టరీ డిజైన్ యుటిలిటీస్ పరిభాషలో ఘటకాన్ని ‘అసెట్’ అంటారు. దాన్ని తయారుచేసే క్రమం స్థూలంగా ఇది: యంత్రపు త్రిమితీయ నమూనాను నిర్మించాలి. కొలతలకు పేర్లు పెట్టాలి. ఒక కొలత మరొకదానిపై ఆధారపడితే ఆ సూత్రాన్ని రాయాలి. నేలను తాకే తలాన్ని గుర్తించాలి. పక్క యంత్రంతో కలిసే చోట సంధాన బిందువులను అమర్చాలి. వాడేవారు మార్చదగిన కొలతలను ‘కీలక పరామితులు’గా ప్రకటించాలి. తరచుగా పనికివచ్చే విలువలను ఒక పేరుతో భద్రపరిస్తే అది రూపాంతరం. ఈ క్రమంలో సాంకేతిక నైపుణ్యం కోరేవి చాలా ఉన్నా, వివేచన కోరేది ప్రధానంగా ఒక్కటే: ఏ కొలతను కీలకమని ప్రకటించాలి?

3. ‘బహుళం’: తెలుగు లక్షణ సంప్రదాయం అందించే పరిభాష

ఈ ప్రశ్నను నిశితంగా అడగడానికి తెలుగు వ్యాకరణంలో ఒక పరిభాష సిద్ధంగా ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ద్వారా తెలుగు విద్యార్థులందరికీ పరిచితమైన ‘బహుళం’ అనే మాటకు వ్యాఖ్యాతలు నాలుగు అర్థాలు చెబుతారు. కార్యం తప్పక జరగడం నిత్యం. జరగకపోవడం నిషేధం. జరిగినా జరగకున్నా సాధువు కావడం వైకల్పికం. చెప్పిన తీరుకు భిన్నంగా మరొక విధంగా జరగడం అన్యవిధం.

పరామితీయ ఘటకంలోని ప్రతి కొలతా ఈ నాలుగింటిలో ఏదో ఒక కోవకు చెందుతుంది. కొన్ని కొలతలు ఏ రూపాంతరంలోనూ మారవు. కొన్ని, వాడేవారి ఎంపికకు వదిలినవి. కొన్ని విలువలను ఘటకం అంగీకరించకూడదు. మరికొన్ని సందర్భాల్లో యంత్రపు స్వరూపమే వేరవుతుంది కనుక, రూపాంతరం చాలక కొత్త ఘటకం కావాలి. ఘటక గ్రంథాలయాలు వైకల్పికాన్ని ఉత్సాహంగా అందిస్తాయి. నిషేధాన్నీ అన్యవిధాన్నీ తరచుగా విస్మరిస్తాయి. ఈ వ్యాసం ప్రధాన ఆరోపణ ఇదే.

వికల్పాల సంఖ్య గురించి ఛందస్సు మరొక పాఠం చెబుతుంది. తేటగీతి పాదంలో వరుసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉంటాయి. సూర్యగణాలు 2, ఇంద్రగణాలు 6. అంటే ఒక్క పాదానికి గురులఘు క్రమంలో 2 × 6 × 6 × 2 × 2, అనగా 288 రూపాలు సాధ్యం. ఏ లాక్షణికుడూ ఈ 288 రూపాలను విడివిడిగా పేర్కొనలేదు. గణవర్గాలనూ వాటి స్థానాలనూ చెప్పి, యతి నియమంతో పాదంలోని రెండు చోట్లను ముడిపెట్టి ఊరుకున్నాడు. రూపాంతరాల జాబితా పొడవుగా ఉండడం ఘటకం గొప్పతనానికి గుర్తు కాదని దీనివల్ల తెలుస్తుంది. చిన్న నియమం నుంచి అవసరమైన రూపం పుట్టాలి. ఈ పోలికకు ఒక హద్దు ఉంది. గణం తప్పితే పద్యం మాత్రమే చెడుతుంది. కొలత తప్పితే మనిషి చేయి నలగవచ్చు.

4. ఎలివేటర్: స్వేచ్ఛా రాశి, సాధిత రాశి

బియ్యపు మిల్లులో వడ్లనూ బియ్యాన్నీ పైకి ఎత్తే బకెట్ ఎలివేటర్ పదేపదే కనిపించే యంత్రం. నిలువుగా తిరిగే పట్టీకి అమర్చిన చిన్న బకెట్లు కింద గింజను తోడుకుని, పైన జారుడు గొట్టంలోకి విసురుతాయి. దీన్ని ఘటకంగా మార్చేటప్పుడు ఎత్తు, వెడల్పు, గంటకు టన్నులు అనే మూడింటిని కీలక పరామితులుగా ప్రకటించడం సులభమైన పద్ధతి. 6, 8, 10 మీటర్ల ఎత్తులకు మూడు రూపాంతరాలు భద్రపరిస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. అయితే వీటిలో టన్నులు, ఎత్తు అనే రెండింటిని స్వేచ్ఛగా వదలడం పొరపాటు.

మొదట టన్నులను పరిశీలించాలి. ఒక లీటరు పట్టే బకెట్లు 25 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఉండి, 70 శాతం నిండుతూ, పట్టీ సెకనుకు 1.5 మీటర్ల వేగంతో నడుస్తోందనుకుంటే, సెకనుకు 6 బకెట్లు 4.2 లీటర్లను పైకి చేరుస్తాయి. గంటకు అది సుమారు 15 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు వడ్లు సుమారు 580 కిలోలు తూగుతాయని తీసుకుంటే, ఈ ఎలివేటర్ గంటకు 8.8 టన్నుల వడ్లు ఎత్తుతుంది. బియ్యం ఘనపు మీటరుకు సుమారు 800 కిలోలు కనుక అదే యంత్రం 12 టన్నుల బియ్యం ఎత్తుతుంది. ఒక్క కొలతా మారకుండానే సామర్థ్యం మారింది. మారినది గింజ. కాబట్టి ‘పదార్థం’ అన్నదే ఇక్కడ కీలక పరామితి. టన్నులు దాని నుంచి సాధించవలసిన రాశి. టన్నులను విడిగా నింపే గడి ఉన్న ఘటకం, బకెట్ల లెక్కతో పొత్తు లేని సంఖ్యను కూడా మౌనంగా అంగీకరిస్తుంది.

ఎత్తు విషయమూ ఇలాంటిదే. ఎలివేటర్ ఎంత ఎత్తు ఉండాలన్నది, అది గింజను అందించే యంత్రపు నోటి ఎత్తు మీద, ఆ యంత్రం ఎంత దూరంలో ఉందన్న దాని మీద, గొట్టం ఎంత వాలుగా ఉండాలన్న దాని మీద ఆధారపడుతుంది. అడ్డంగా 3 మీటర్ల దూరానికి 45 డిగ్రీల వాలు చాలితే 3 మీటర్ల దిగుడు కావాలి. తడి ఎక్కువగా ఉన్న వడ్లకో, గోడలకు అంటుకునే తవుడుకో 60 డిగ్రీలు అవసరమైతే అదే దూరానికి సుమారు 5.2 మీటర్లు కావాలి. ఒకే లేఅవుట్, అవే యంత్రాలు, గింజ తడిలో తేడా. కప్పు ఎత్తులో మాత్రం రెండు మీటర్లకు పైగా వ్యత్యాసం. ఎత్తును స్వేచ్ఛగా వదిలిన ఘటకంలో ఈ సంబంధం కనబడదు. యంత్రాన్ని తెరపై అర మీటరు జరిపినప్పుడు గొట్టం వాలు తగ్గిందన్న సంగతి, మిల్లు నడిచి గొట్టంలో గింజ నిలిచిపోయిన నాడు గాని తెలియదు.

దీనికి తోడు ఘటకాన్ని ఒంటరిగా చూడడం వల్ల మరో పొరపాటు జరుగుతుంది. వడ్ల పొట్టు తీసే షెల్లర్ ఒక్క విడతలో అన్ని గింజలనూ ఒలవదు. ఒలవని వడ్లను సెపరేటర్ వేరుచేసి తిరిగి షెల్లర్‌కు పంపుతుంది. ఒక్కో విడతలో 85 శాతం ఒలుస్తుందనుకుంటే, గంటకు 4 టన్నుల కొత్త వడ్లు వచ్చే మిల్లులో షెల్లర్ గుండా నిజంగా ప్రవహించేది 4 ÷ 0.85, అంటే సుమారు 4.7 టన్నులు. ఈ అంకె ఏ ఒక్క యంత్రపు కొలతల్లోనూ లేదు. అది యంత్రాల మధ్య ఉన్న సంబంధంలో ఉంది. పద్యంలో యతి ఒక్క అక్షరపు గుణం కానట్టే, ప్రవాహం కూడా ఒక్క ఘటకపు గుణం కాదు. సంధాన బిందువులు స్థానాన్ని మాత్రమే మోస్తూ, పదార్థాన్నీ పరిమాణాన్నీ మోయనంత కాలం లేఅవుట్ యంత్రాల చిత్రంగానే మిగులుతుంది.

5. నిషేధం, అన్యవిధం: సాగదీయకూడని చోటు

షెల్లర్‌లో ఎదురెదురుగా తిరిగే రబ్బరు రోళ్లు 6 అంగుళాలు, 10 అంగుళాల వంటి స్థిరమైన కొలతల్లో దొరుకుతాయి. మోటార్లూ అంతే. 7.5 హెచ్‌పీ తర్వాత దుకాణంలో దొరికేది 10 హెచ్‌పీ. తెరపై మాత్రం రోలు వెడల్పును 7.3 అంగుళాలుగా నింపితే ఘటకం అభ్యంతరం చెప్పకుండా సాగుతుంది. అలా పుట్టేది ఎవరూ తయారుచేయని యంత్రపు బొమ్మ. ఇలాంటి రాశికి నిరంతర విలువలు కాక, ఎంచుకోదగిన విలువల పట్టిక కావాలి. ఇంద్రగణాలు ఆరే అయినట్టు, పట్టికలో లేని విలువ నిషిద్ధం కావాలి. సాఫ్ట్‌వేర్ ఈ సౌకర్యాన్ని ఇస్తూనే ఉంది. దాన్ని వాడడం ఘటక నిర్మాత బాధ్యత.

అన్యవిధానికి ట్రేలతో పనిచేసే సెపరేటర్ మంచి ఉదాహరణ. దాని సామర్థ్యం పెంచాలంటే యంత్రాన్ని అన్ని వైపులా పెద్దది చేయరు. ట్రేల సంఖ్య పెంచుతారు. పొడవు, వెడల్పులను సాగదీసిన రూపాంతరం ఇక్కడ యంత్రపు పని తీరునే తప్పుగా చెబుతుంది. పచ్చి బియ్యపు మిల్లుకూ ఉప్పుడు బియ్యపు మిల్లుకూ ఉన్న భేదం ఇంకా పెద్దది. రెండవదానిలో నానబెట్టే తొట్టెలు, బాయిలర్, డ్రయర్ అదనంగా వస్తాయి. ఆవిరి, వేడి నీరు, తడి గింజ అనే కొత్త ప్రవాహాలు పుడతాయి. పాతకాలపు హల్లర్ మిల్లును కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అందులో పొట్టు తీయడం, పాలిష్ పట్టడం ఒకే యంత్రంలో జరిగి, ఊకా తవుడూ కలిసి బయటికి వచ్చేవి. నేటి మిల్లులో అవి వేరువేరు యంత్రాల నుంచి వేరువేరుగా వస్తాయి. హల్లర్‌ను ఎంత సాగదీసినా నేటి షెల్లర్–పాలిషర్ వరుస రాదు. ఇవి ఒకే కుటుంబపు రూపాంతరాలు కావు, వేరువేరు జాతులు.

6. గ్రంథాలయంలో లేని రాశులు: ఊక, తడి, మనిషి

ఘటక గ్రంథాలయంలో యంత్రాలు ఉంటాయి. యంత్రాలు మిగిల్చేవి తరచుగా ఉండవు. గంటకు 4 టన్నుల వడ్లు సుమారు 6.9 ఘనపు మీటర్ల చోటు తీసుకుంటాయి. అందులో దాదాపు 20 శాతం, అంటే 0.8 టన్ను ఊక. విడిగా పోసిన ఊక ఘనపు మీటరుకు సుమారు 110 కిలోలే తూగుతుంది కనుక అది 7 ఘనపు మీటర్లు దాటుతుంది. లోపలికి వచ్చిన వడ్లు ఎంత చోటు ఆక్రమించాయో, వ్యర్థంగా బయటికి పోయే ఊక అంతకు తగ్గని చోటు కోరుతుంది. బరువును పరామితిగా తీసుకున్న లేఅవుట్‌లో ఊక ఐదో వంతు. ఘనపరిమాణాన్ని తీసుకుంటే అదే ప్రధాన పాత్ర. ఊక గదికి తగిన చోటు వదలకపోతే ఆ దుమ్ము పనివారి ఊపిరితిత్తుల్లో చోటు వెతుక్కుంటుంది.

తడి మరో రాశి. ప్రభుత్వ కొనుగోలు ప్రమాణాల ప్రకారం వడ్లలో తేమ 17 శాతం మించకూడదు. నిల్వకు సుమారు 14 శాతం అనుకూలం. నెల్లూరు ప్రాంతంలో వడ్లను పుట్టి లెక్కన కొంటారు. ఇక్కడి పుట్టి 850 కిలోలు. 17 శాతం తేమ ఉన్న పుట్టి వడ్లు 14 శాతానికి ఆరితే సుమారు 820 కిలోలవుతాయి. ముప్పై కిలోలు ఆవిరైపోతాయి. ప్రధాన పంట వేసవి ముంగిట కోతకు వస్తుంది. ఎడగారు పంట వానలు పడే నెలల్లో వస్తుంది. ఒకే మిల్లు రెండు రకాల తడినీ ఎదుర్కోవాలి. అంటే ఆరబెట్టే చోటు, గొట్టాల వాలు, నిల్వ గది వైశాల్యం ఋతువును బట్టి మారే రాశులు. 1961లో వెలువడిన తన లేఅవుట్ గ్రంథంలో రిచర్డ్ మ్యూథర్ ఉత్పత్తి, పరిమాణం, మార్గం, సహాయక సేవలతో పాటు కాలాన్ని కూడా మూలాంశంగా చేర్చాడు. ఘటక గ్రంథాలయాల్లో కాలానికి గడి అరుదు. స్థానిక కొలమానానికి అసలే లేదు. నమూనా మిల్లు ఒక పుట్టి వడ్లను ఆడించడానికి 13 నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. రైతుకూ మిల్లు యజమానికీ అర్థమయ్యే లెక్క ఇది. గంటకు టన్నుల లెక్క యంత్రాల విక్రేతకు అర్థమయ్యేది.

మూడవది మనిషి. ఫ్యాక్టరీల చట్టం (1948) తన తర్వాత కట్టిన కర్మాగారాల్లో ఒక్కో శ్రామికునికి కనీసం 14.2 ఘనపు మీటర్ల చోటు ఉండాలని, నేల నుంచి 4.2 మీటర్లకు పైన ఉన్న చోటును అందులో లెక్కించరాదని నిర్దేశించింది. ఎత్తైన ఎలివేటర్ల కోసం కప్పు పెంచిన మిల్లుకు ఈ రెండవ నిబంధన ప్రత్యేకంగా వర్తించేది. కప్పు ఎంత పెరిగినా హమాలీకి దక్కే చోటు పెరిగినట్టు కాదు. అదే చట్టం కదిలే యంత్రభాగాలకు కంచె ఉండాలనీ, దుమ్మును తొలగించాలనీ కోరింది. ఇవన్నీ కొలతలుగా రాయదగినవే. షెల్లర్ చుట్టూ రోళ్లు మార్చడానికి మనిషి వంగవలసిన చోటు, బస్తా భుజాన ఉన్న హమాలీ మలుపు తిరిగే చోటు ఘటకంలో భాగం కావాలి. యంత్రపు హద్దునే ఘటకపు హద్దుగా గీస్తే రెండు యంత్రాలను ఒకదానికొకటి ఆనించవచ్చని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. గీత తప్పు కాదు, కానీ ఆ సందులో మనిషి పట్టడు.

7. ప్రతివాదన, సమాధానం

ఇన్ని రాశులు చేరిస్తే ఘటకం బరువెక్కి, వాడేవారికి దుర్భరమవుతుందన్న అభ్యంతరం సహేతుకమే. రెండు వందల యంత్రాల లేఅవుట్‌లో ఒక్కో ఘటకానికి ముప్పై గడులు ఉంటే ఎవరూ నింపరు. దీనికి పరిష్కారం రాశులను వదిలేయడంలో లేదు, వాటిని వర్గీకరించడంలో ఉంది. ఎలివేటర్‌కు పదార్థం, బకెట్ రకం, చేర్చవలసిన యంత్రం అనే మూడే కీలక పరామితులు చాలు. సామర్థ్యం, ఎత్తు సూత్రాల ద్వారా రావాలి. ఎత్తును తయారీదారు ఇచ్చే ముక్కల కొలతకు పైకి సవరించాలి. మనిషి తిరిగే చోటు నిత్యంగా ఉండాలి. ఆ చోటును కుదించే ప్రయత్నాన్ని ఘటకం నిరాకరించాలి. అప్పుడు వాడేవారికి గడులు పెరగవు, తగ్గుతాయి.

మరొక అభ్యంతరం, ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదన్నది. ఇది కూడా నిజమే. సూత్రాలు, విలువల పట్టికలు, హద్దులు రాయడానికి నేటి సాఫ్ట్‌వేర్ వీలిస్తుంది. లోపం ఘటకాన్ని నిర్మించే అభ్యాసంలో ఉంది. ఆ అభ్యాసం ఆకారంతో మొదలై ఆకారంతో ముగుస్తోంది. విమర్శ గురిపెట్టవలసింది ఆ అభ్యాసం మీదే. రూపాంతరాన్ని భద్రపరిచే ఆదేశం నేర్పడానికి కొద్ది సమయం చాలు. ఏది రూపాంతరం కాదో గుర్తించడం నేర్పడానికి యంత్రం దగ్గర నిలబడాలి.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. పరామితీయ ఘటకంలోని ప్రతి రాశినీ నిత్యం, వైకల్పికం, నిషేధం, అన్యవిధం అనే నాలుగు కోవల్లో ముందుగా నిర్ణయించాలి. నమూనా గీయడం ఆ తర్వాతి పని.

2. సామర్థ్యం, ఎత్తు వంటివి చాలా సందర్భాల్లో సాధిత రాశులు. వాటిని స్వేచ్ఛగా వదిలితే ఘటకం అసాధ్యమైన యంత్రాలను చూపుతుంది.

3. సామర్థ్యం పెరిగే తీరు మారినప్పుడు, కొత్త ప్రవాహం చేరినప్పుడు రూపాంతరం చాలదు. వేరు ఘటకం కావాలి.

4. సంధాన బిందువు స్థానంతో పాటు పదార్థాన్ని, ప్రవాహ పరిమాణాన్ని మోయాలి.

5. ఊక, తడి, ఋతువు, మనిషి తిరిగే చోటు అదనపు వివరాలు కావు. బియ్యపు మిల్లుకు అవే నిర్ణాయక రాశులు.

బుచ్చిరెడ్డిపాలెం మాగాణుల్లో ఎడగారు వడ్లు తడిగా మిల్లుకు చేరే రోజుల్లో ఆ గింజ జారవలసిన వాలు, ఆ ఊక నిలవవలసిన గది, ఆ బస్తా మోసే మనిషి తిరగవలసిన మలుపు ఘటకంలో రాసి ఉన్నాయా లేదా అన్నదే రూపాంతరానికి పరీక్ష. ఇంజనీరింగ్ కళాశాలల్లో ఈ అంశాన్ని బోధించేవారు, సాంకేతిక పరిభాషపై పనిచేసే తెలుగు పరిశోధకులు కలిసి ఒక్క మిల్లుకైనా ఇలాంటి ఘటక సముదాయాన్ని తెలుగు పేర్లతో, పుట్టి లెక్కతో సిద్ధం చేయగలిగితే, ఈ విమర్శకు అది తగిన కొనసాగింపు అవుతుంది.